పాత సాఫ్ట్‌వేర్ వేశాక విండోస్ 98 లేవట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు చేయాల్సినవి

వరంగల్, హన్మకొండ, కాజీపేట ప్రింటింగ్ ప్రెస్సుల్లో, డీటీపీ సెంటర్లలో విండోస్ 98, ఎక్స్‌పీ మీద నడిచే కంప్యూటర్లు ఇంకా కనిపిస్తాయి. వాటిని ఉంచుకోవడానికి గట్టి కారణమే ఉంది. ఏళ్ల తరబడి కట్టిన పెళ్లికార్డులు, కరపత్రాలు, బిల్ బుక్కుల మ్యాటరంతా పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 6.5 లేదా 7.0లో ఉంటుంది. అందులో తెలుగు యూనికోడ్ (ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌లో వాడే పద్ధతి) కాదు. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను పెట్టుకుని పనిచేస్తాయి. ఆ ఫాంట్ లేని చోట ఫైల్ తెరిస్తే వధూవరుల పేర్ల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. పైగా 1990లలోని చాలా సాఫ్ట్‌వేర్లకు ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో అది మొదలే కాదు.

అలాంటి మెషిన్‌లో ఒక పాత ప్రింటర్ సీడీనో, సీడీ రైటర్ సాఫ్ట్‌వేరో, ఫాంట్ల ప్యాకేజో వేస్తారు. రీస్టార్ట్ చేస్తే విండోస్ రాదు. అప్పుడు మన దగ్గర వినిపించే మాట ఇదే: "అన్నా, నిన్న సీడీ వేసినం. పొద్దుగాల నుంచి విండోస్ ఓపెన్ అయితలేదు. ఫార్మాట్ కొట్టాల్నా?"

వద్దు. ఇలాంటి కేసుల్లో చెడేది చాలావరకు రెండు మూడు ఫైళ్లు, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) కొన్ని ఎంట్రీలు. మీ మ్యాటర్, ఫాంట్లు, పేజ్‌మేకర్ సెట్టింగులు డిస్క్ మీద అలాగే ఉంటాయి. ఫార్మాట్ కొడితే పోయేవి అవే. ఏం మారిందో కనిపెట్టి, దాన్ని మాత్రమే వెనక్కి తిప్పడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాను. ఎక్కువగా 98 సెకండ్ ఎడిషన్ గురించి, చివర్లో ఎక్స్‌పీ గురించి. ఆదేశాలు, ఫైల్ పేర్లు తెలుగు లిపిలో రాశాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

అసలు ఏం చెడుతుంది

విండోస్ 98లో సిస్టమ్ ఫైళ్లకు కాపలా దాదాపు లేనట్టే. ఏ ఇన్‌స్టాలర్ అయినా విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్ ఫోల్డర్‌లోకి వెళ్లి, చాలా ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్ ఉన్న డిఎల్ఎల్ ఫైల్ మీద తన దగ్గరున్న పాత కాపీని రాసేయగలదు. కొత్త వెర్షన్ ముందే ఉందేమో చూసుకోవడం ఇన్‌స్టాలర్ బాధ్యత. ఆ కాలపు ఇన్‌స్టాలర్లు చాలావాటికి ఆ పట్టింపు లేదు. కామ్‌సిటిఎల్32, ఎంఎఫ్‌సి42, ఎంఎస్‌విసిఆర్‌టి, ఓలేఆట్32 అనే డిఎల్ఎల్‌లు ఎక్కువగా బలయ్యేవి. వీటిలో ఒకటి వెనక్కి పోతే కొత్తగా వేసిన సాఫ్ట్‌వేర్ బాగానే నడుస్తుంది, దాని చుట్టూ ఉన్నవి కూలుతాయి.

రెండో దారి విఎక్స్‌డి డ్రైవర్లు, అంటే పరికరాలను విండోస్‌తో కలిపి నడిపే ఫైళ్లు. విండోస్ లేచేటప్పుడే ఇవి లోడ్ అవుతాయి కాబట్టి ఒక్కటి తేడా వచ్చినా డెస్క్‌టాప్ వరకు పోదు. డాంగిల్ (సాఫ్ట్‌వేర్ నడవాలంటే పోర్టులో పెట్టాల్సిన తాళం లాంటి పరికరం) డ్రైవర్లు, పాత స్కానర్ డ్రైవర్లు, సీడీ రైటర్ సాఫ్ట్‌వేర్లు ఈ దారిలో వస్తాయి. ఆ తర్వాత రిజిస్ట్రీ, సిస్టమ్.ఇని అనే సెట్టింగుల ఫైల్. చివరిది ఫాంట్లు. డీటీపీ మెషిన్లలో ఇదే పెద్ద సమస్య, దాని సంగతి కింద విడిగా చెబుతాను.

ముందుగా: రీస్టార్టులు ఆపండి

ఈ ఒక్క విషయం తెలియకే చాలామంది బాగున్న కాపీని చేతులారా పోగొట్టుకుంటారు. విండోస్ 98 రోజుకోసారి, ఆ రోజు మొదటిసారి సరిగ్గా లేచినప్పుడు, రిజిస్ట్రీని, విన్.ఇని, సిస్టమ్.ఇని ఫైళ్లను క్యాబ్ ఫైల్‌గా దాచుకుంటుంది. మామూలుగా ఐదు కాపీలే ఉంటాయి. ఆరోది రాగానే పాతది పోతుంది. మెషిన్ అరకొరగా లేస్తోంది కదా అని నాలుగైదు రోజులు అలాగే నెట్టుకొస్తే, మిగిలేవన్నీ చెడిపోయిన తర్వాతి కాపీలే.

కాబట్టి మొదటి పని ఆ కాపీలను పక్కకు తీయడం. మెషిన్ ఆన్ చేయగానే ఎఫ్8 నొక్కండి, లేదా కంట్రోల్ కీ పట్టుకుని ఉంచండి. యూఎస్‌బీ కీబోర్డు అయితే కొన్ని పాత బోర్డుల్లో ఈ దశలో పనిచేయదు, గుండ్రటి పిన్ను ఉన్న పీఎస్/2 కీబోర్డు పెట్టండి. మెనూలో కమాండ్ ప్రాంప్ట్ ఓన్లీ ఎంచుకుని ఈ రెండు లైన్లు కొట్టండి:

ఎండి సి:\భద్రం
కాపీ సి:\విండోస్\సిస్‌బికప్\ఆర్‌బి*.క్యాబ్ సి:\భద్రం

సిస్‌బికప్ స్పెల్లింగ్ ఎస్, వై, ఎస్, బి, సి, కె, యు, పి. అది దాచిన ఫోల్డర్, విండోస్‌లో మామూలుగా కనిపించదు. పూర్తి దారి ఇస్తే డాస్‌లో కాపీ అవుతుంది.

రెండో పని మ్యాటర్‌ను కాపాడటం. హార్డ్‌డిస్క్ విప్పి, ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో ఇప్పటి ల్యాప్‌టాప్‌కు తగిలించండి. 98 వాడే ఫ్యాట్32 డిస్క్‌ను కొత్త విండోస్ చక్కగా చదువుతుంది. పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా మొత్తం కాపీ చేయండి. ఫాంట్ లేని మ్యాటర్ ఎందుకూ పనికిరాదు. వీలైతే క్లోన్‌జిల్లా లాంటి దానితో డిస్క్ మొత్తానికి ఇమేజ్ (అచ్చు నకలు) తీసి పెట్టుకోండి. మేడారం జాతర ముందో, మాఘమాసం పెళ్లిళ్ల సీజన్‌లోనో మెషిన్ ఆగితే ఉండే టెన్షన్‌లో ఈ దశను దాటేయాలనిపిస్తుంది. దాటేయవద్దు. పాత డిస్క్ ఎప్పుడు పోతుందో చెప్పలేం.

డిస్క్ తిరిగి పెట్టేటప్పుడు రెండు చిన్న విషయాలు చూడండి. బయాస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే మెషిన్ సెట్టింగులు) తేదీ తప్పుగా ఉంటే సీఎంఓఎస్ బ్యాటరీ మార్చండి. బ్యాకప్ కాపీలను తేదీ చూసే ఎంచుకోవాలి కాబట్టి ఇది ముఖ్యం. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంట్ పోయి ఉంటే, వేరే ఏ ప్రయత్నం చేసే ముందైనా కమాండ్ ప్రాంప్ట్‌లో స్కాన్‌డిస్క్ సి: నడపండి. ప్రతిసారీ వేర్వేరు చోట ఆగుతుంటే సాఫ్ట్‌వేర్ మీద అనుమానం పక్కనపెట్టి, ర్యామ్ తీసి కాంటాక్టులు తుడిచి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ వేయండి.

సేఫ్ మోడ్ ఏం చెబుతుంది

ఇప్పుడు ఎఫ్8 మెనూలో సేఫ్ మోడ్ (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ లేచే పద్ధతి) ఎంచుకోండి. అందులో లేచి, మామూలుగా లేవకపోతే తప్పు డ్రైవర్‌ది, లేదా మొదట్లోనే నడిచే ఏదో ప్రోగ్రామ్‌ది. సేఫ్ మోడ్‌లో కూడా ఎక్స్‌ప్లోరర్ కూలిపోతుంటే డిఎల్ఎల్ మీద అనుమానపడాలి. మామూలుగా లేచి పేజ్‌మేకర్ ఒక్కటే కూలుతుంటే డిఎల్ఎల్, ఫాంట్, ప్రింటర్ డ్రైవర్ ఈ మూడింట్లో ఒకటి. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

రిజిస్ట్రీని వెనక్కి తిప్పడం

నిన్న వేసిన సాఫ్ట్‌వేర్ వల్లే అని ఖాయంగా తెలిస్తే మొదట ఇది చేయండి. కమాండ్ ప్రాంప్ట్ ఓన్లీలోకి వెళ్లి స్కాన్‌రెగ్ /రిస్టోర్ అని కొట్టండి. విండోస్ లోపలి డాస్ కిటికీలో ఇది పనిచేయదు. తేదీలతో జాబితా వస్తుంది, ప్రతి తేదీ పక్కన స్టార్టెడ్ లేదా నాట్ స్టార్టెడ్ అని ఉంటుంది. ఇన్‌స్టాల్‌కు ముందు తేదీది, స్టార్టెడ్ అని ఉన్నదాన్నే తీసుకోండి.

దీనితో రిజిస్ట్రీ, రెండు ఇని ఫైళ్లు మాత్రమే వెనక్కి పోతాయి. ఇన్‌స్టాలర్ మార్చిన డిఎల్ఎల్‌లు మారినట్టే ఉంటాయి. రిస్టోర్ తర్వాత మెషిన్ లేచినా పేజ్‌మేకర్ కూలుతోందంటే అర్థం ఇదే. మళ్లీ రిస్టోర్ చేస్తూ కూర్చోకుండా డిఎల్ఎల్ దగ్గరికి వెళ్లండి.

డ్రైవర్ అడ్డుపడితే

విండోస్ ప్రొటెక్షన్ ఎర్రర్ అని వస్తే, ఎఫ్8 మెనూలో లాగ్డ్ ఎంచుకుని ఒకసారి లేపండి. ఆగిపోయాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఎడిట్ సి:\బూట్‌లాగ్.టిఎక్స్‌టి అని తెరవండి. ఆఖరి లైన్లు చూడండి. లోడింగ్ మొదలైనట్టు ఉండి, సక్సెస్ అని రాని డ్రైవర్ ఉంటే మొదటి అనుమానం దాని మీదే. లోడ్‌ఫెయిల్డ్ అనే మాట కనబడగానే కంగారు పడకండి. డిసౌండ్, ఎన్‌డిఐఎస్2సప్, విషేర్ లాంటివి బాగున్న మెషిన్‌లో కూడా అలాగే కనిపిస్తాయి.

దొరికిన డ్రైవర్ ఎక్కడ ఉందో చూడాలి. సిస్టమ్.ఇనిలో 386ఎన్హ్ విభాగంలో డివైస్= లైన్‌గా ఉంటే దాని ముందు సెమీకోలన్ పెట్టండి, లైన్ తీసేయొద్దు. సిస్టమ్ ఫోల్డర్ లోపల ఐఓసబ్సిస్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాన్ని తప్పకుండా చూడండి. అందులో పడిన డ్రైవర్లను విండోస్ ఎవరూ చెప్పకుండానే లోడ్ చేస్తుంది. పాత సీడీ రైటర్ సాఫ్ట్‌వేర్లు తమ ఫైళ్లను అక్కడే వదులుతాయి, అన్‌ఇన్‌స్టాల్ చేసినా కొన్ని అక్కడే మిగిలిపోతాయి. అలాగే విఎంఎం32 ఫోల్డర్. విఎంఎం32.విఎక్స్‌డి అనే పెద్ద ఫైల్ లోపల ఉన్న డ్రైవర్ కన్నా, ఈ ఫోల్డర్‌లో విడిగా ఉన్న కాపీకే విండోస్ మొగ్గు చూపుతుంది. అనుమానం ఉన్న ఫైల్ పేరు చివర మార్చి లేపి చూడండి.

దీనికి తిరగేసిన కేసు కూడా వస్తుంది. సాఫ్ట్‌వేర్ తీసేశాక, ఫలానా డివైస్ ఫైల్ కనబడటం లేదు, రిజిస్ట్రీ లేదా సిస్టమ్.ఇని దాన్ని అడుగుతోంది అని నల్ల తెర మీద వస్తుంది. ఏదో కీ నొక్కితే విండోస్ లేస్తుంది కూడా. ఫైల్ పేరు అక్కడే ఉంటుంది. ముందు సిస్టమ్.ఇనిలో వెతకండి. లేకపోతే రెగ్‌ఎడిట్‌లో హెచ్‌కీ లోకల్ మెషిన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, సర్వీసెస్, విఎక్స్‌డి కింద ఆ పేరున్న కీ ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకుని అప్పుడు తీయండి. పేరు లేకుండా ఖాళీగా మెసేజ్ వస్తే, అక్కడి కీలలో స్టాటిక్‌విఎక్స్‌డి విలువ ఖాళీగా ఉన్నదాన్ని వెతకండి.

డ్రైవర్ కాకుండా స్టార్టప్ ప్రోగ్రామ్ అనుమానమైతే స్టార్ట్ మెనూలోని రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ కొట్టి, స్టార్టప్ ట్యాబ్‌లో సగం టిక్కులు తీసి చూడండి. సమస్య పోతే తీసిన సగంలో ఉంది, పోకపోతే మిగిలిన సగంలో. ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తూ పొండి.

మారిన డిఎల్ఎల్‌ను పట్టుకోవడం

ఇల్లీగల్ ఆపరేషన్ డబ్బా వస్తే డిటెయిల్స్ నొక్కండి. ఏ మాడ్యూల్‌లో తప్పు జరిగిందో పేరు ఉంటుంది. కెర్నెల్32 అని ఉంటే మాత్రం దాన్నే దోషిగా అనుకోవద్దు. వేరేది చేసిన తప్పు అక్కడ బయటపడుతుంది. ఎంఎఫ్‌సి42 లాంటి పేరు వస్తే అది గట్టి ఆధారం.

చాలామంది ఫైండ్‌లో నిన్నటి తేదీ పెట్టి మారిన ఫైళ్ల కోసం వెతుకుతారు. దొరకవు. ఇన్‌స్టాలర్ ఫైల్‌ను దాని అసలు తేదీతోనే కాపీ చేస్తుంది కాబట్టి 1997 నాటి డిఎల్ఎల్ 1997 తేదీతోనే కూర్చుంటుంది. ఆ పాత తేదీయే మనకు ఆచూకీ. 98 సెకండ్ ఎడిషన్ సొంత ఫైళ్ల మీద 23 ఏప్రిల్ 1999, రాత్రి 10:22 అని ఉంటుంది. మొదటి 98 అయితే 11 మే 1998, రాత్రి 8:01. సిస్టమ్ ఫోల్డర్‌ను డిటెయిల్స్ వ్యూలో పెట్టి, పైన చెప్పిన ముఖ్యమైన డిఎల్ఎల్‌ల తేదీలు చూడండి. అంతకన్నా పాతదైతే దాని ప్రాపర్టీస్‌లో వెర్షన్ చూసి, బాగున్న మరో 98 మెషిన్‌తో పోల్చండి. తేదీ కొత్తదైనంత మాత్రాన తప్పు కాదు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అప్‌గ్రేడ్ చేసినప్పుడు కొత్తవి వస్తాయి.

ఇంకో మంచి ఆధారం విండోస్ ఫోల్డర్‌లోని విన్ఇనిట్.బిఎకె. నడుస్తున్న ఫైల్‌ను ఇన్‌స్టాలర్ అప్పటికప్పుడు మార్చలేదు. అందుకే రీస్టార్ట్‌లో మార్చమని విన్ఇనిట్.ఇనిలో జాబితా రాస్తుంది. పని అయ్యాక విండోస్ దాని పేరును బిఎకెగా మారుస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే రీనేమ్ విభాగం కింద ఏ ఫైల్ స్థానంలో ఏది వచ్చిందో ఉంటుంది.

దొరికిన ఫైల్‌ను వెనక్కి తేవడానికి రన్‌లో ఎస్‌ఎఫ్‌సి కొట్టి, ఇన్‌స్టలేషన్ డిస్క్ నుంచి ఒక ఫైల్ తీయి అనే రెండో ఎంపిక తీసుకోండి. సేఫ్ మోడ్‌లో సీడీ డ్రైవ్ మామూలుగా కనిపించదు. అందుకే సీడీలోని విన్98 ఫోల్డర్‌ను సి డ్రైవ్‌లో ఎప్పుడూ ఉంచుకోవాలి, రెండు వందల ఎంబీ లోపే ఉంటుంది. ఓలేఆట్32ను మార్చితే ఆ తర్వాత రన్‌లో రెగ్‌ఎస్‌వీఆర్32 ఓలేఆట్32.డిఎల్ఎల్ కూడా కొట్టండి.

ఒక్కోసారి ఆ పాత సాఫ్ట్‌వేర్‌కు ఆ పాత డిఎల్ఎల్ నిజంగానే అవసరం. మిగతావాటికి కొత్తది కావాలి. అప్పుడు పాత కాపీని ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫోల్డర్‌లో పెట్టి, అదే ఫోల్డర్‌లో ప్రోగ్రామ్ పూర్తి పేరు చివర .లోకల్ చేర్చి ఒక ఖాళీ ఫైల్ సృష్టించండి. ప్రోగ్రామ్ స్కాన్.ఈఎక్స్ఈ అయితే ఫైల్ పేరు స్కాన్.ఈఎక్స్ఈ.లోకల్ అవుతుంది. 98 సెకండ్ ఎడిషన్ నుంచి ఈ సౌకర్యం ఉంది. ఆ ప్రోగ్రామ్ తన ఫోల్డర్‌లోని కాపీనే వాడుకుంటుంది, సిస్టమ్ ఫోల్డర్ జోలికి రాదు. కెర్నెల్32 లాంటి మూల ఫైళ్లకు మాత్రం ఇది పనికిరాదు.

ఫాంట్లు

మన డీటీపీ మెషిన్లలో నేను ముందు అడిగేది ఫాంట్స్ ఫోల్డర్‌లో ఎన్ని ఉన్నాయనే. విండోస్ 98 సుమారు వెయ్యి ట్రూటైప్ ఫాంట్ల దగ్గర చేతులెత్తేస్తుంది. ఫాంట్ల జాబితా ఉండే రిజిస్ట్రీ కీకి 64 కేబీ హద్దు ఉండటమే కారణం. ఫైల్ పేర్లు పొడవుగా ఉంటే ఆ హద్దు ఇంకా ముందే వస్తుంది. అను ఫాంట్లన్నీ, వాటిపైన ఒక సీడీ ఇంగ్లిష్ ఫాంట్లు, ఎవరో ఇచ్చిన డిజైన్ ఫాంట్లు వేస్తే హద్దు దాటడం సులువు. అప్పుడు కొత్తవి చేరవు, ఉన్నవాటిలో కొన్ని కనిపించవు, తెలుగు మ్యాటర్ పిచ్చి గుర్తులుగా మారుతుంది. చూసేవాళ్లు ఫైల్ పాడైందనుకుంటారు. ఫైల్‌కు ఏమీ కాలేదు.

డి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి ఫాంట్లన్నీ అక్కడ కాపీ పెట్టుకోండి. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లోని ఫాంట్స్ నుంచి రోజూ వాడనివి తీసేయండి. కొన్ని వందలకు మించి ఉంచవద్దు. ఏరియల్, ఎంఎస్ శాన్స్ సెరిఫ్, మార్లెట్ లాంటి విండోస్ సొంత ఫాంట్లను ముట్టుకోవద్దు.

పేజ్‌మేకర్ తెరుచుకోగానే కూలుతుంటే డీఫాల్ట్ ప్రింటర్ ఉందో లేదో కూడా చూడండి. పేజ్‌మేకర్ ప్రింటర్ డ్రైవర్ మీద ఆధారపడి పేజీ కడుతుంది. కొత్త ప్రింటర్ సీడీ డ్రైవర్ సరిగ్గా కూర్చోకపోతే దెబ్బ ఇక్కడ తగులుతుంది. పాత లేజర్ ప్రింటర్‌ను డీఫాల్ట్ చేసి చూడండి. అప్పటికీ కాకపోతే పిఎం65.సిఎన్ఎఫ్ అనే సెట్టింగుల ఫైల్ పేరు మార్చండి, పేజ్‌మేకర్ కొత్తది తయారు చేసుకుంటుంది. 7.0లో దాని పేరు పిఎం70.సిఎన్ఎఫ్.

ర్యామ్ పెంచిన మెషిన్లు

రిపేర్‌లో భాగంగా ఎవరైనా ర్యామ్‌ను 512 ఎంబీ దాటించి ఉంటే, ఇన్‌స్టాల్ తర్వాత మెమరీ చాలదనే మెసేజ్ రావచ్చు. సిస్టమ్.ఇనిలో విక్యాష్ విభాగం కింద మ్యాక్స్‌ఫైల్‌క్యాష్=262144 అని రాయండి. ర్యామ్ ఎక్కువైతే డిస్క్ క్యాష్ అడ్రస్ స్పేస్‌ను మింగేయడం వల్ల వచ్చే తంటా ఇది.

ఎక్స్‌పీ అయితే

ఎక్స్‌పీలో సిస్టమ్ ఫైళ్లకు కాపలా ఉంది. ఇన్‌స్టాలర్ మార్చినా విండోస్ వెంటనే అసలుది తిరిగి పెడుతుంది. కాబట్టి ఇక్కడ గొడవ ఎక్కువగా డ్రైవర్లతోనే. ఎఫ్8 మెనూలో లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్ ముందు వాడండి. ఒకసారి విజయవంతంగా లాగిన్ అయితే ఆ పాత కాన్ఫిగరేషన్ పోతుంది కాబట్టి, లాగిన్ తెర వరకు వచ్చినా లోపలికి వెళ్లకుండానే ఇది ప్రయత్నించాలి. తర్వాత సేఫ్ మోడ్‌లోంచి సిస్టమ్ రిస్టోర్. ఆ తర్వాత సీడీ పెట్టి ఎస్‌ఎఫ్‌సి /స్కాన్‌నౌ.

పాత సాఫ్ట్‌వేర్ సెటప్ నొక్కగానే ఆటోఎగ్జెక్.ఎన్‌టి ఫైల్ ఎంఎస్‌డాస్ ప్రోగ్రాములు నడపడానికి తగదని వస్తే, ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు. విండోస్ ఫోల్డర్‌లోని రిపేర్ ఫోల్డర్ నుంచి ఆటోఎగ్జెక్.ఎన్‌టి, కాన్ఫిగ్.ఎన్‌టి రెండింటినీ సిస్టమ్32లోకి కాపీ చేయండి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ మెషిన్‌ను ఇంటర్నెట్‌కు కలపకండి.

ఏదీ కాకపోతే

98ను ఉన్నదాని మీదే మళ్లీ వేయండి. సి డ్రైవ్‌లోని విన్98 ఫోల్డర్ నుంచి సెటప్ నడిపి, అదే విండోస్ ఫోల్డర్ చూపిస్తే ప్రోగ్రాములు, ఫాంట్లు, సెట్టింగులు ఉంటాయి. మధ్యలో, కాపీ అవుతున్న ఫైల్ ఇప్పుడున్నదానికన్నా పాతది, ఉన్నదాన్ని ఉంచాలా అని అడుగుతుంది. యెస్ నొక్కండి. పాత సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లలో కూడా ఇదే ప్రశ్న వస్తుంది. చదవకుండా నో నొక్కడం వల్లే సగం మెషిన్లు మంచం పడుతున్నాయి. మీ దగ్గర పనిచేసే పిల్లలకు ఈ ఒక్క డబ్బా చూపించి నేర్పండి.

మళ్లీ ఏదైనా వేసే ముందు

రన్‌లో స్కాన్‌రెగ్‌డబ్ల్యూ కొట్టండి. ఈరోజు బ్యాకప్ అయింది, మళ్లీ చేయాలా అంటే యెస్. తర్వాత డాస్ కిటికీలో

డిఐఆర్ సి:\విండోస్\సిస్టమ్ > సి:\ముందు.టిఎక్స్‌టి

అని జాబితా తీసుకోండి. ఇన్‌స్టాల్, రీస్టార్ట్ అయ్యాక అదే ఆదేశంతో తర్వాత.టిఎక్స్‌టి తీసి, ఎఫ్‌సి సి:\ముందు.టిఎక్స్‌టి సి:\తర్వాత.టిఎక్స్‌టి కొడితే మారిన ప్రతి ఫైల్ పాత తేదీ, కొత్త తేదీ, సైజులతో సహా కనిపిస్తుంది. రెండు నిమిషాల పని. ఒకేసారి రెండు సాఫ్ట్‌వేర్లు వేయకండి. ఒకటి వేసి, రీస్టార్ట్ చేసి, చూసి, అప్పుడు రెండోది. కొత్త లేదా తెలియని సీడీ అయితే ముందు ల్యాప్‌టాప్‌లో 86బాక్స్ లాంటి ఎమ్యులేటర్‌లో (పాత కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్) 98 వేసుకుని అందులో ప్రయత్నించడం మేలు. ఇన్‌స్టాల్ అవుతున్నంతసేపు మెషిన్ యూపీఎస్ మీద ఉండాలి.

పెన్‌డ్రైవ్ కోసం 98 ఎస్ఈకి వేసే డ్రైవర్ ప్యాకేజీల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. అన్ని పెన్‌డ్రైవ్‌లకూ పనిచేసే రకం కొన్ని సిస్టమ్ ఫైళ్లను మారుస్తుంది. వేసే ముందు డివైస్ మేనేజర్‌లోంచి పాత యూఎస్‌బీ డ్రైవర్లు తీసేయాలి.

మెషిన్ లేచింది కదా అని వెంటనే పనికి ఇచ్చేయకండి. ఒక పాత పెళ్లికార్డు ఫైల్ తెరిచి వత్తులు, గుణింతాలు సరిగ్గా ఉన్నాయో చూడండి. కీబోర్డు లేఅవుట్ మార్చి నాలుగు లైన్లు టైప్ చేయండి. ఒక పేజీ ప్రింట్ తీసి పాత ప్రూఫ్‌తో పక్కపక్కన పెట్టి లైన్లు అక్కడే విరుగుతున్నాయో లేదో చూడండి. డాంగిల్ ఉంటే పూర్తిగా ఆపి, ఆన్ చేసి మళ్లీ పరీక్షించండి. అన్నీ సరిపోయాక డిస్క్ ఇమేజ్ కొత్తగా తీసి, పాత ఇమేజ్‌ను చెరపకుండా రెండూ ఉంచండి.